నాయన బోగోలు పోయుండాడు

మా నాయన గురువారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మైపాడులో, మా ఇంటి వరండాలో చనిపోయాడు. మూడు నెలలుగా ఊపిరి అందక పడిన అవస్థ ఆగింది. ఏడ్చాం. కొంత ఊరట కూడా కలిగింది, దాచను.

ఆయనది చేపల వేట. వేసవిలో వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ఊరంతా ఎండుచేపలతో సరిపెట్టుకుంటే, మా ఇంట్లో వంజరం పులుసు ఉడికేది. దొంగచాటుగా వెళ్ళి తెచ్చేవాడు. ఎనిమిదేళ్ళ నాకు, మా నాయనంత ధైర్యస్థుడు ఊళ్ళో లేడు.

మత్స్యశాఖ వాళ్ళు వస్తే ఆయన ఇంట్లో వలల కుప్ప కింద దాక్కునేవాడు. వాకిట్లో నిలబడి, ఆయన ఊళ్ళో లేడని నేను చెప్పాలి: "నాయన బోగోలు పోయుండాడు సార్."

ఎన్నిసార్లు చెప్పానో, ఊళ్ళో ఎవరు మొహం చాటేసినా "బోగోలు పోయినాడు" అనడం మొదలుపెట్టారు. బడిలోనూ అదే. "ఏమే, మీ నాయన యాడ? బోగోలేనా?" ఆ నవ్వులతోనే నాకు ఆయనంటే సిగ్గు పుట్టింది.

పన్నెండో ఏట ఒకరోజు, "లోపలే ఉండాడు సార్" అన్నాను.

బోటును పట్టుకెళ్ళారు. నాయన కొట్టలేదు, తిట్టలేదు. నిషేధం ముగిసి బోటు తిరిగొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు గానీ ఆ సంగతి ఎత్తలేదు. నిషేధంలో మళ్ళీ వేటకు వెళ్ళనూ లేదు.

నేను విలేకరినయ్యాను. అడగడమే ఉద్యోగం. నన్ను క్షమించావా అని ఆయన్ని మాత్రం అడగలేకపోయాను.

కిందటి నెల నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు, "బీడీలు మానేశారా?" అన్నాడు.

"ఎప్పుడో మానేసినా సార్. నమ్మకపోతే మా పాపని అడగండి. అది అబద్ధం చెప్పదు. చిన్నప్పుడే నన్ను పట్టించింది."

"పొద్దున్నే రెండు తాగినాడు సార్," అన్నాను.

నాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "చూసినారా? చెప్తిని గదా!"

తిరిగొస్తూ ఆటోలో, నా వైపు చూడకుండా అన్నాడు: "ఆ వలల కింద ఉక్క పోసేది పాపా. నువ్వు చెప్పేసినాక, బయటికొచ్చి గాలి పీల్చుకున్నా."

నిషేధం ఆదివారంతో ముగుస్తుంది. సోమవారం ఉదయం ఐదింటికి ఆయన బోటు నీళ్ళలోకి దిగుతుంది. పెద్దకర్మ దాకా ఆగుదామా అని చిన్నాన్న అడిగాడు. ఆగొద్దని నాయనే చెప్పి వెళ్ళాడు. ఆరోజు మత్స్యశాఖ వాళ్ళు ఒడ్డుకొచ్చి కాగితాలు చూస్తారు. బోటు యజమాని ఎక్కడని అడుగుతారు. ఈసారి కూడా జవాబు నేనే చెప్పాలి.