పాతదాని వైరు పీకి చూడు

బొగ్గు గనులున్న ఈ భూపాలపల్లిలో ఎవరి కంప్యూటరు విప్పినా ముక్కుకు బొగ్గు దుమ్ము తగులుతుంది. జనగామలో అయితే ఫ్యాను రెక్కలకు పత్తి పీచు చుట్టుకుని ఉండేది. నిన్న మధ్యాహ్నం ఒకటి విప్పి, ఆ దుమ్ము ఊదుతుంటే సుగుణక్క గుర్తొచ్చి, చాలాసేపు ఊరికే కూర్చున్నాను. కొట్లో నేనొక్కదాన్నే.

నాకు రిపేరు పని నేర్పింది అక్కే. జనగామ బస్టాండు దగ్గర ఆమెకు చిన్న కొట్టు ఉండేది. మహబూబాబాద్ పక్క తండా నుంచి వచ్చిన నాకు ఆ ఊళ్లో మా లంబాడీ భాషలో పలకరించే మనిషి లేదు. అక్క చూస్తే, ఒక మంచి మాటంటే నోటి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేది. ఆమె నోట ఒక్కసారి శభాష్ అనిపించుకోవాలని నా ప్రాణం కొట్టుకునేది.

కంప్యూటరు పాత డిస్కులోదంతా కొత్తదానిలోకి ఎక్కించాక ఆమెది ఒకటే పట్టు: పాతదాని వైరు పీకేసి ఆన్ చేయాలి. మొదట్లో నేను రెండూ ఉంచే ఆన్ చేసి, "అక్కా, లేసింది!" అని మురిసిపోయాను. ఆమె పాతదాని వైరు పీకి మళ్లీ ఆన్ చేసింది. తెర నల్లగా ఉండిపోయింది.

"సూసినవా? ఇప్పటిదాంక ముసలిదే మోసింది. అది లేకుంటె గిది లేస్తదా, గదీ పరీక్ష."

తర్వాత అక్కకు జబ్బు చేసి వరంగల్ దవాఖానలో పడింది. కొట్టు నా మీద పడింది. అప్పుడే బచ్చన్నపేట నుంచి ఒక ఫోటోగ్రాఫరు పరేషాన్‌గా వచ్చాడు. డిస్కు తనే మార్చుకున్నాడు. రెండూ ఉండగా లేచింది కదా అని పాతదానిలోదంతా చెరిపేశాడు. ఇక కంప్యూటరు లేవలేదు.

"పెండ్లి ఫోటోలన్ని అండ్లనే ఉన్నయి చెల్లె. పెండ్లిపిల్ల నాయిన మొన్ననే పోయిండు. ఆ ఇంటోళ్లకు ఏం ముఖం సూపెట్టాలె?"

భయపడి అక్కకు ఫోన్ చేశాను.

"ఫోటోలు యాడికి పోలే. సామానంత ఇంట్లనే ఉంది, తలుపే లేదు. తలుపు పెట్టు."

"ఎట్లక్కా?"

"నీకు తెలుసు" అని ఫోన్ పెట్టేసింది.

కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరును లేపి, కొత్త డిస్కులో కాస్త చోటు చేసి, లేవడానికి కావలసిన ఫైళ్లు అందులో రాశాను. మొదట వికటించింది. తప్పు వెతికి మళ్లీ చేశాను. తెర వెలిగింది. ఫోటోలో పెళ్లికూతురి తండ్రి, చేతినిండా అక్షింతలతో నవ్వుతున్నాడు. ఫోటోగ్రాఫరు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

మళ్లీ ఫోన్ చేశాను. "అక్కా, లేసింది."



"నాకెందుకే చెప్తున్నవ్? గాయనకు చెప్పు."

అక్క నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే. ఆ వారమే పోయింది. నన్ను కసిరిందనుకుని ఆ మాటకు చాన్నాళ్లు కుళ్లి కుళ్లి ఏడ్చాను. కొట్టు మూతపడ్డాక ఇక్కడికొచ్చి సొంతంగా పెట్టుకున్నాను.

నిన్నటిది కూడా సాయంత్రానికి లేచింది. అక్కకు చెప్పాలని చేయి ఎప్పటిలాగే ఫోను మీదికి పోయింది. తీసేసుకుని, గుమ్మం దగ్గర కూర్చున్న గిరాకీని పిలిచాను.

"అన్నా, లేసింది."

అతను సంబరపడుతూ ఇంటికెళ్లాడు. అది ఎట్లా లేచిందో చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు మనిషి లేదు.