జవాన్ల డాక్టర్

అభిజిత్ డాక్టర్ మిలిటరీకి వెళ్లాడంటే జవాన్లకు సూదులు వేయడానికే వెళ్లాడని భవాని పేట్ అంతా అనుకుంది. అనుకోరూ మరి? డాక్టర్‌ని పిలిచి చేతికి తుపాకీ ఇస్తారని ఎవరికి తడుతుంది? అతను చేరింది టెరిటోరియల్ ఆర్మీలో. మామూలు రోజుల్లో ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, పిలుపు వస్తే యూనిఫాం వేసుకునే సైన్యం అది. అక్కడ వైద్యానికి వేరే డాక్టరున్నాడు. అభిజిత్ పని ఒక రైలు వంతెనకు కాపలా కాసే జవాన్లను నడిపించడం.

వాడకట్టు కుర్రాళ్లు అతని దవాఖాన మీద 'మన డాక్టర్ జవాన్ల ప్రాణాలు కాపాడుతున్నారు' అని బ్యానర్ కట్టి, ఫోటో పంపారు. అతను కాదనలేదు. పైగా లోలోపల మురిసిపోయాడు.

అప్పుడే సీతాబాయి ఫోన్ చేసింది. అతని తల్లి పక్కన కూర్చుని ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన మనిషి. షుగర్ ఉంది.

"ఆకు కత్తిరిస్తుంటే కత్తెర జారి కాలి ఏలికి తాకింది బిడ్డా. తంబాకు పొడి అద్దిన. నువ్వొచ్చినంక సూద్దువు తియ్యి. ఆడ జవాన్లు పానాల మీదున్నరు గద, నా ఫికర్ చెయ్యకు."

తెగినచోట తంబాకు అద్దడం పేటలో ఆడవాళ్ల అలవాటు. షుగర్ ఉన్న కాలికి దానితో ఏమవుతుందో అభిజిత్‌కు బాగా తెలుసు. వెంటనే ఇంకో డాక్టర్‌కు చూపించుకోమంటే సరిపోయేది. కానీ మాట పెంచితే ఆమె అక్కడి సంగతులు అడుగుతుందని, తను చేసే పనేంటో చెప్పాల్సి వస్తుందని జంకాడు.

"సరే పెద్దమ్మా, వచ్చి చూస్తా" అని పెట్టేశాడు.

ఇంట్లోవాళ్లు ఎంత పోరినా ఆమె మరో దవాఖాన గడప తొక్కలేదు. పుండు ముదిరింది. అతను తిరిగొచ్చేసరికి కాలు మోకాలి పైదాకా తీసేశారు.

చూడటానికి వెళితే సీతాబాయి బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కాలు లేని వైపు చాట ఒరగకుండా కింద దిండు పెట్టుకుంది. అభిజిత్ ఆ దిండు వైపే చూశాడు. ఆ కాలు తనే తీసేశాడు, కత్తి పట్టకుండానే.

"ఎంతమందిని బతికిచ్చినవ్ బిడ్డా?" ఆమె ఆశగా అడిగింది.

ఏదో ఒక లెక్క చెబితే ఆమె మనసు కుదుటపడుతుంది. అబద్ధం నోటిదాకా వచ్చింది. అప్పటికే ఒక అబద్ధం ఆమె కాలు మింగింది.

"ఎవల్నీ లేదు పెద్దమ్మా. ఆడ నేను డాక్టర్‌ను కాదు. బ్రిడ్జి కాడ తుపాకి పట్టుకొని పహారా ఇచ్చిన."

సీతాబాయి చుడుతున్న బీడీని చాటలో పెట్టేసింది.

"మరి నేను ఎవల కోసం ఆగిన బిడ్డా?"