ఎవరూ చూడకుండా తిన్న అన్నం

ఎదురింట్లో ఎవరో ఎండుమిరపకాయలు కాల్చారు. తలుపు సందులోంచి ఆ ఘాటు వచ్చి నా గొంతులో పడింది. ఇంకొకరైతే విసుక్కుని కిటికీ తెరిచేవారు. నాకు మాత్రం ముందు భయం వేసింది. ఆ ఇంటి కోడలు బరువు తగ్గడానికి ఈమధ్య పొట్టకు ఆపరేషన్ చేయించుకుంది. కొద్ది నెలల్లోనే మనిషి సగమైంది. లిఫ్టులో ఎదురైన వాళ్లంతా గుర్తుపట్టలేకపోయామని మెచ్చుకుంటుంటే, నేను ఒక్కదాన్నే నోరు మెదపలేదు. గర్విష్ఠిదాన్ననుకుని ఉంటుంది. గర్వం కాదు. ఎవరైనా త్వరత్వరగా చిక్కిపోతుంటే నాకు మా రత్నకుమారి మేడమ్ గుర్తొస్తారు.

మేడమ్‌ది నరసరావుపేట. ఎనభైల్లో అక్కడ ఒక డాబా మీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. పెద్ద గదిలో గోడవారగా మిషన్లు, పక్కనే ఆమె ఉండే చిన్న గది. భర్త పోయారు, పిల్లలు లేరు. నేను రెంటచింతల నుంచి టైపు నేర్చుకోవడానికి వచ్చి, పరీక్ష పాసయ్యాక అక్కడే నేర్పే పనిలో కుదిరాను. ఆమె భారీ మనిషి. మేడమ్ మెట్లెక్కుతుంటే మిషన్ల గంటలు వాటంతటవే మోగుతాయని కుర్రాళ్లు నవ్వుకునేవారు. ఒకసారి ఆ మాట ఆమె చెవిన పడింది. “మోగనీరా. నువ్వు కొడితే అదీ మోగట్లా” అని ఆ కుర్రాడి వీపు మీద ఒక్కటిచ్చి వెళ్లిపోయారు.

అప్పట్లో నేను ఉత్త పిరికిదాన్ని. నాకంటే వయసులో పెద్దవాళ్లయిన గుమాస్తాలకు పాఠం చెప్పమంటే భయం వేసింది. అది కనబడకుండా కుర్చీ వెనకాల నిలబడ్డాను. మేడమ్ ఆ కుర్చీ లాగేశారు. “భయమేస్తందా?” అని అడిగారు. లేదన్నాను. “అబద్ధమాడబాకే. భయమైతే భయమని నోటితో చెప్పు. చెప్పి పని చెయ్యి. దాచుకుంటే అది నిన్ను పని చెయ్యనియ్యదు.” అందరి ముందూ భయంగా ఉందని చెప్పించి, ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టనిచ్చారు. గుమాస్తాలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఆ గదిలో నా గొంతు నాకు వినబడింది.

ఇంత చెప్పిన మనిషి తన భయాన్ని మాత్రం దాచుకున్నారు. ఆమెకు బొడ్డు దగ్గర హెర్నియా ఉండేది. దగ్గినప్పుడల్లా నిమ్మకాయంత ఉబ్బేది. గుంటూరులో డాక్టరుకు చూపించుకోవడానికి నన్ను తోడు తీసుకెళ్లారు. ఆయన పరీక్ష చేసి, “ఇంత బరువుతో మత్తివ్వడం ప్రమాదమమ్మా. మెల్లగా తగ్గించుకుని రండి, అప్పుడు ఆపరేషన్ చేద్దాం” అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, “అంటే మత్తిస్తే లేవనన్నమాట” అని ఒక్క మాట అన్నారు. డాక్టరు చెప్పిన ‘మెల్లగా’ దారిలోనే ఎక్కడో జారిపోయింది. ఆ మాట ఆమెకు గుర్తు లేదు, గుర్తుచేసే ధైర్యం నాకు లేదు.

ఆమె ఏ పనీ సగంలో ఆపే రకం కాదు. మర్నాటి నుంచే తిండి మానేశారు. పొద్దున నీళ్ల మజ్జిగ, సాయంత్రం ఉప్పేసి ఉడకబెట్టిన బీరకాయ ముక్కలు, అంతే. చూస్తుండగానే జాకెట్లు వదులయ్యాయి, మెడ కింద చర్మం వేలాడింది. ఈ కాలంలో అయితే మెచ్చుకుని పూలదండ వేసేవారేమో. ఆ కాలంలో పల్నాడులో మనిషి చిక్కిపోతే రోగమనే అర్థం. షుగరన్నారు కొందరు, టీబీ అన్నారు ఇంకొందరు. ఇద్దరు ముగ్గురు తండ్రులు పిల్లల్ని మాన్పించారు కూడా.

పక్కింటి టైలరు భార్య ఖాసింబీ పిన్ని మాత్రం రావడం మానలేదు, ఇంకా దగ్గరైంది. “ఏందమ్మా, ఇట్టా అయిపోయావు? నాలుగు మెతుకులు తినకపోతే ఎట్టా?” అని రోజూ వచ్చి కూర్చునేది. వాళ్లింట్లో పెళ్లికి మేడమ్‌ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బిర్యానీ వడ్డించింది. కాదంటే నొచ్చుకుంటుందని మేడమ్ తిన్నారు. పంక్తిలో వాళ్లంతా ఆగి మరీ చూశారు. “చానా రోజులకి తింటంది, పాపం” అన్నారెవరో.

ఆ సాయంత్రం క్లాసు జరుగుతుండగా నొప్పి వచ్చింది. కుడివైపు పక్కటెముకల కింద మొదలై వీపులోకి పాకింది. కూర్చోలేరు, పడుకోలేరు. ఒళ్లంతా చెమట, వాంతి. అంత మనిషి గోడ పట్టుకుని మూలుగుతున్నారు. ఖాసింబీ పిన్ని పరుగున వచ్చి, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. “చూశారా, ఘాటే రాలేదు. పంక్తిలో నజర్ తగిలింది” అంది. పల్నాడు మిరపకాయ నిప్పుల్లో పడితే ఘాటు రాకపోవడమేమిటో, నా గొంతు మండిపోతోంది. పెద్దావిడ మాట కాదన్నట్టవుతుందని ఓణీ నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకున్నాను. కాసేపటికి నొప్పి దానంతటదే తగ్గింది. దాంతో అది దిష్టేనని తేలిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు, ఉద్యోగం వచ్చిన ఒక శిష్యుడు నేతి బొబ్బట్లు తెచ్చాడు. అందరి ముందూ బలవంతంగా తినిపించాడు. మళ్లీ అదే నొప్పి, మళ్లీ మిరపకాయలు. ఇక మేడమ్ ఒక నిర్ణయానికి వచ్చారు. “నలుగురి కళ్ల ముందు తింటేనే వస్తంది. ఇంక ఎవరి ముందూ తినను” అన్నారు. ఆ రోజు నుంచి గది తలుపు గడియ వేసుకుని తినడం మొదలైంది. అది కూడా ఆ మజ్జిగే, ఆ ఉడికిన ముక్కలే. నొప్పి రాలేదు. వారాలు గడిచినా రాలేదు. “చూశావటే, కళ్లేనే” అని నాతో గెలిచినట్టు చెప్పారు. నేనూ నమ్మాను. కళ్లెదుట రుజువు కనిపిస్తుంటే నమ్మక ఏం చేస్తాను? కానీ ఆ గడియ చప్పుడు వింటే మాత్రం నాకు భయం. లోపల ఆమెకేమైనా అయితే మాకెలా తెలుస్తుంది? గిన్నె చప్పుడయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడేదాన్ని.

ఎండాకాలం వచ్చింది. కొత్త ఆవకాయ వాసన వీధంతా పట్టేసింది. నెలల తరబడి రుచి ఎరగని మనిషి, పాపం, ఎంతకని ఓర్చుకుంటారు. ఒక మధ్యాహ్నం వేడన్నంలో ముద్దపప్పు, ఆవకాయ, గరిటెడు నెయ్యి వేసుకుని, గడియ పెట్టుకుని తిన్నారు. గిన్నె చప్పుడు వినబడ్డాక నేను నా మిషను దగ్గరికొచ్చి కూర్చున్నాను. కాసేపటికి లోపల ఏదో పడింది. ఆ వెంటనే ఆమె మూలుగు. తలుపు బాదాను. నేల మీద పాక్కుంటూ వచ్చి ఆమె గడియ తీశారు. కేకలకు ఖాసింబీ పిన్ని అప్పటికే మిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని మెట్లెక్కి వచ్చేసింది.

మేడమ్ మా ఇద్దరి వంకా చూశారు. “ఎవరూ చూడలేదు గదే. తలుపేసుకునే తిన్నా. మరి ఇదెందుకొచ్చింది?” అన్నారు.

దిష్టి అనుకున్నన్నాళ్లూ మాకు ఒక మందుంది. ఇప్పుడది పేరు లేని భయమైంది. ఖాసింబీ పిన్ని చెయ్యి తిప్పలేదు, మిరపకాయలు కింద పడేసింది. పట్టుకుని వెలుతురులోకి తీసుకొచ్చాక చూస్తే మేడమ్ కళ్లు పసుపు తేలి ఉన్నాయి. “కామెర్లు. పసరు పోయించండి” అన్నారు పోగైన వాళ్లలో ఎవరో. పసరు పోసే ఆయన కోసం మనిషిని పంపబోయారు కూడా. అప్పుడు నేను అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. “నాకు భయమేస్తంది. మేడమ్ చచ్చిపోతారని భయమేస్తంది. గుంటూరు పోదాం, కారు మాట్లాడండి.” పిన్ని భర్త చేతిలో కత్తెర కింద పెట్టి కారు కోసం పరిగెత్తాడు.

గుంటూరులో స్కానింగ్ అప్పుడప్పుడే వచ్చింది. పైత్యరసం ఉండే తిత్తి నిండా రాళ్లున్నాయని, ఒకటి జారి గొట్టానికి అడ్డుపడిందని చెప్పారు. డాక్టరు ఆమెను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కంగారుపడ్డారు. “మెల్లగా అన్నాను కదమ్మా. కొవ్వు ఇంత వేగంగా కరిగితే ఆ భారం లివర్ మీద పడుతుంది. సరిగా తినకపోతే తిత్తిలో రసం కదలక చిక్కబడి రాళ్లు కడుతుంది. అలాంటప్పుడు నెయ్యి, నూనె తింటే తిత్తి బిగుసుకుంటుంది. ఆ నొప్పే ఇది” అన్నారు. బిర్యానీ, బొబ్బట్లు, ఆవకాయలో నెయ్యి వరుసగా నా కళ్ల ముందు తిరిగాయి. మేము ప్రేమతో పెట్టినదీ, ఆమె ఆశపడి తిన్నదీ, ప్రతి ముద్దా ఆమెను నేలమీద పడేసింది.

ఏ మత్తుకు భయపడి ఆమె ఇదంతా చేశారో ఆ మత్తు చివరికి తప్పలేదు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే ముందు నా చెయ్యి పట్టుకున్నారు. ఒకప్పుడు నా చేతిని కప్పేసేంత పెద్దది ఆ చెయ్యి. ఇప్పుడు అందులో ఎముకలు తగిలాయి. “భయమేస్తందే. మొదటి రోజు నుంచీ భయంగానే ఉంది” అన్నారు. నేను ఏడుస్తూ, “చెప్పారుగా మేడమ్, ఇంక పోయి రండి” అన్నాను. అలా ఎందుకన్నానో తెలియదు. ఆమె మాత్రం నవ్వారు.

లేచారు. చాలా ఏళ్లు బతికారు. ఆస్పత్రివాళ్లు ఆ రాళ్లను ఒక గాజు సీసాలో వేసిచ్చారు. ఆ సీసా ఇన్‌స్టిట్యూట్ బల్ల మీదే ఉండేది. సన్నబడాలని ఉపవాసాలు చేసే ఏ ఆడపిల్లనూ ఆ సీసా చూపించకుండా వదిలేవారు కాదు. ఖాసింబీ పిన్నిని మాత్రం ఒక్క మాట అననిచ్చేవారు కాదు. “దిష్టి తీయించుకోండి, తప్పులేదు. తీయించుకున్న వెంటనే చెప్పులేసుకుని గుంటూరు బస్సెక్కండి” అనేవారు.

ఆ ఘాటు ఇంకా గొంతులో ఉండగానే నేను వెళ్లి ఎదురింటి తలుపు తట్టాను. ఆ ఇంటి అత్తగారు మిరపకాయలు కాల్చిన గరిటెతోనే వచ్చి తీసింది. “కోడలికి దిష్టండీ. మధ్యాహ్నం పెళ్లిలో అందరూ దాన్నే చూశారు. వచ్చినప్పటి నుంచీ ఒకటే నొప్పి. చూడండి, ఘాటు కూడా రాలేదు.” నాకు దగ్గొచ్చింది. ఈసారి ఆపుకోలేదు, ఆవిడ ముందే కళ్లలో నీళ్లు తిరిగేలా దగ్గాను. లోపల ఆ అమ్మాయి కుడిపక్క చేత్తో అదిమిపట్టుకుని వంగి కూర్చుని ఉంది. పక్కన కూర్చుని ఆమె ముఖాన్ని కిటికీ వెలుతురువైపు తిప్పాను. కళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

“నాకు భయంగా ఉందమ్మా” అన్నాను. “చెప్పులేసుకో.”