బర్‌కు దారెటు?

ఆ రోజుల్లో కువైట్‌లో నాలుగు అరబ్బీ ముక్కలు పట్టుబడ్డవాడు తన గదిలో చిన్న సైజు కలెక్టరు. ఎనభైల మొదట్లో, మంగఫ్‌లోని మా గదికి ఆ కలెక్టర్ని నేను. యల్లా, ఖలాస్, ఇఖామా, ఇంకో గుప్పెడు మాటలు, అంతే నా పాండిత్యం. మిగతాది ధైర్యంతో నెట్టుకొచ్చేవాణ్ణి. అయినా ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. (చదవడం నాకూ రాదు. కాసేపు కళ్లు చిట్లించి "ఏం పర్వాలేదు" అనేవాణ్ణి.) ఈ సేవకు ప్రతిఫలంగా గదిలో నాకు వంట వంతు లేదు, గిన్నెలు తోమే వంతూ లేదు. ఇంట్లో మంచినీళ్లు కూడా ముంచుకుని ఎరగనివాడికి ఆ మినహాయింపు ఎంత ప్రాణమో వేరే చెప్పనక్కర్లేదు.

గదిలో పెద్దవాడు రాయచోటి మనిషి, వరసతో పని లేకుండా అందరికీ మామ. (అక్కడ ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు యజమానురాలిని 'మామా' అంటారని తెలిశాక, బజార్లో ఆ పిలుపు గట్టిగా పిలవనిచ్చేవాడు కాదు.) కఫీల్ (మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని) గోడౌన్‌లో నేను డ్రైవర్ని, ఆయన మూటలు మోసేవాడు. వచ్చి ఏళ్లయినా ఆ గోడౌను, మా గది తప్ప కువైట్‌లో ఆయన చూసిందేమీ లేదు. చలి తగ్గుతున్న రోజుల్లో ఒక గురువారం కఫీల్ మంచి హుషారు మీద ఉండి, పికప్ తాళాలు నా చేతిలో పెట్టి, మామను చూపిస్తూ ఏదో పొడుగ్గా చెప్పాడు. అందులో నాకు అందినవి రెండే మాటలు: రేపు, బర్.

చుక్క మందు దొరకని దేశంలో బార్! ఒళ్లు ఝల్లుమంది. "పెద్దోళ్లకు చాటుగా ఒకటి ఉంటాదిలే మామా" అని తేల్చేశాను.

"పోలీసోళ్లు పట్టుకోరు గదా, అల్లుడూ?"

"కఫీలే పంపిస్తాంటే పోలీసేం చేస్తాడు?"

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం టెరిలిన్ చొక్కాలు, పాలిష్ కొట్టిన బూట్లు వేసుకుని, సగం సీసా సెంటు గుమ్మరించుకుని బయల్దేరాం. పికప్ వెనక ఒక తివాచీ, నీళ్ల డబ్బా, బొగ్గుల సంచీ, మసాలా పట్టించిన కోడి కఫీల్ ముందే ఎక్కించి పెట్టాడు.

"బార్‌కు బొగ్గులు ఎందుకురా?"

"కోడి కాల్చుకొని నంజుకోవల్ల గదా మామా."

"మరి తివాచీ?"

"పెద్దోళ్ల బార్లో కుర్చీలుండవు. కిందనే కూర్చుంటారు." నా తెలివికి నాకే ముచ్చటేసింది.

పెట్రోలు బంకులో ఒక అరబ్బు పెద్దమనిషిని "బర్ వేన్?" అని దారి అడిగాను. ఆయన మా బూట్లకేసి ఒకసారి చూసి, చెయ్యి చాచి చుట్టూ తిప్పుతూ "కుల్లు బర్" అన్నాడు.

"ఏమంటాండాడు?"

"చుట్టుపక్కలంతా బార్లేనంట మామా."

మామ మొహం వెలిగిపోయింది. రోడ్డు పోయి దుమ్ముబాట వచ్చింది, దుమ్ముబాట పోయి ఇసుక వచ్చింది. (చాటు వ్యాపారం కదా, ఊరికి దూరంగానే ఉంటుందని నేను సర్దిచెబుతూనే ఉన్నాను.) చివరికి చక్రాలు సగం దాకా ఇసుకలో కూరుకుపోయి, పికప్ కదలనంది. అంతలో గొర్రెలు తోలుకుంటూ ఒక బలూచీ కాపరి వచ్చాడు. మళ్లీ బర్ ఎక్కడని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి, శుభ్రమైన ఉర్దూలో, "బర్ అంటే ఎడారే భాయ్. నువ్వు నిలబడింది బర్‌లోనే. చలి తగ్గితే అరబ్బులు డేరాలు వేసుకుని ఉండేదానికి ఇక్కడికే వస్తారు" అన్నాడు.

ఉర్దూ కావడమే నా కొంప ముంచింది. ఉర్దూ వింటూ పెరిగిన రాయచోటి మనిషికి దాన్ని నేను తర్జుమా చేసి పెట్టాలా? మామ నా వైపు తిరిగి చూశాడు. మందు సంగతి మరిచిపోయి నాకు వంట సంగతి గుర్తొచ్చింది. గదికెళ్లి ఈయన ఒక్క మాట అన్నాడంటే రేపట్నుంచి ఎర్రగడ్డలు తరిగేది నేనే.

ముగ్గురం కలిసి బండిని ఇసుకలోంచి తోశాం, తివాచీ పరిచాం, కోడి కాల్చాం. సన్నటి పచ్చిక మధ్య చిన్న చిన్న పసుపు పూలు పూసి ఉన్నాయి. మామ బూట్లు విప్పేసి మంద వైపు నడిచాడు. ఒక గొర్రెపిల్లను ఒడిసి పట్టి, పళ్లు చూసి, కడుపు నిమిరి, "దీని కడుపులో నట్టల పురుగులు ఉండాయి. మందు పొయ్యల్ల" అన్నాడు కాపరితో, ఉర్దూలోనే. ఇద్దరూ గొర్రెల రోగాల మీద, గడ్డి మీద, వానల మీద మాట్లాడుకుంటూనే ఉన్నారు. గోడౌన్‌లో రోజంతా నోరు విప్పని మనిషిలో ఇన్ని మాటలున్నాయని నాకు తెలియదు. నన్నెవరూ ఏమీ అడగలేదు. వినడానికే హాయిగా ఉంది.

పొద్దుగూకి గదికి చేరేసరికి అందరూ మూగారు. "బార్ ఎట్లుండాది మామా?"

మామ నిదానంగా మంచం మీద కూర్చుని, కాలి వేళ్ల మధ్య ఇసుక దులుపుకున్నాడు.

"ఎంత దూరం సూసినా బారే. దానికి గోడల్యా, వాకిల్యా. ఈ అబ్బి అరబ్బీ లేకుంటే నాకు యాడ దొరికేది?"

నా వంట మినహాయింపు నాకు దక్కింది. ఎందుకో మర్నాడు నేనే కత్తిపీట ముందు కూర్చున్నాను. కళ్లనీళ్లు కారాయి, ఎర్రగడ్డల వల్లే అన్నాను. ఇప్పుడు నాకు అరబ్బీ బాగానే వచ్చు. ఎక్కడికి పోవాలన్నా తిన్నగా దారి అడిగి చేరిపోతాను. కానీ అంత మంచి చోటికి మళ్లీ ఎవరినీ తీసుకుపోలేకపోయాను.