లైటు పోయినప్పుడు ఊదిన విజిల్

మా షెడ్డును సూరత్ చేసేద్దామని ఒకసారి నడుం కట్టాను. ఆ ఘనకార్యం చెప్తాను, నవ్వండి. నవ్వు ఆగే చోటు వస్తే మీరే ఆగండి.

అప్పుడే ఇరవై దాటాను. భివండీ నార్పోలిలో మా బాపు కరెంటు మగ్గాల షెడ్డుకు కొత్త సేఠ్‌ని, మగ్గం మాత్రం ఏనాడూ ముట్టనివాణ్ని. బంధువుల పెళ్లికి సూరత్ వెళ్తే, అక్కడ ఒక్కొక్కడు ఎనిమిది మగ్గాలు చూస్తూ కూనిరాగం కూడా తీస్తున్నాడు. ఇక్కడ మా షెడ్డులో పనిచేసే మల్లేశం మామ నాలుగింటితోనే చెమటలు కక్కుతున్నాడు. కారణం నాకు అక్కడికక్కడే తట్టేసింది: మనోళ్లకు ఒళ్లు బద్ధకం! ఇంత తెలివి నా బుర్రలో ఎలా పట్టిందో మీరే చెప్పాలి.

వస్తూనే ఒక విజిల్ కొన్నాను.

"మామా, రేపటి సంది ఎనిమిది చూడాలె."

"ఈడ గట్ల నడువది అల్లుడా."

"మరి సూరత్ల ఎట్ల నడుస్తున్నయ్? చాతగాకుంటే చెప్పు, ఇంకో మనిషిని తెచ్చుకుంట."

మామకు ఇంటినిండా పిల్లలు. "సరే తియ్" అన్నాడు.

మర్నాడు పొద్దున్నించీ విజిల్ ఊదుతూనే ఉన్నాను. మగ్గాల మోతలో అది నాకే వినపడలేదు.

మధ్యాహ్నం లైటు పోయింది. భివండీలో కరెంటు రోజూ పోయేదే. లైటు పోగానే ప్రతి మగ్గం హ్యాండిల్ తీసి ఆపెయ్యాలి. లేకపోతే కరెంటు రాగానే మగ్గం దానంతటదే కదులుతుంది, అటూ ఇటూ పోగు మోసే నాడె మధ్యలో ఆగి ఉంటే దారాలన్నీ తెంపేస్తుంది. మామ అందుకే పరుగెత్తాడు. చాయ్‌కి పారిపోతున్నాడనుకుని గట్టిగా ఊదాను. షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది కదా, ఈసారి బాగా వినిపించింది.

మామ ఉలిక్కిపడి ఆగాడు. ఇంకా హ్యాండిల్ తియ్యని మగ్గం మీద చెయ్యి ఆనించి నావైపు తిరిగాడు.

"ఏందల్లుడా?"

లైటు వచ్చింది.

రెండు వేళ్లు పోయాయి. దవాఖానలో నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే, కట్టు కట్టిన చేత్తో ఆయనే నన్ను ఊరుకోబెట్టాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

చెయ్యి మానాక మామ సూరత్ వెళ్లిపోయాడు. ఏడాది తర్వాత ఇక్కడే, భివండీ నిజాంపురా బజారులో కనిపించాడు.

"ఆడ ఎన్ని చూస్తున్నవ్ మామా?"

"ఎనిమిది."

"గా చేత్తోనా!"

"ఆడ లైటు పోదు గద అల్లుడా."

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఒక ఊరి మనిషిని ఇంకో ఊరి కొలతతో జన్మలో కొలవను. ఎవరైనా కొలిస్తే, వాళ్లను మా షెడ్డులో ఎనిమిది మగ్గాల మధ్య నిలబెట్టి, లైటు పోయేదాకా పక్కనే కూర్చుంటాను. ఎక్కువసేపు కూర్చోవలసిన పని ఉండదు.