ఉంగరానికి జ్వరం

మా అమ్మాయి అరచేతిలో చిన్న లోహపు ముక్క పెట్టుకుని, "నాన్నా, సూడు, కరిగిపోతన్నాది!" అంటూ వచ్చింది. గాలియమనే లోహమట, ఒంటి వేడికే నీరవుతుందట. అది నా వేలి బంగారు ఉంగరానికి అంటుకుంటుందేమోనని, "దూరంగా తీసుకుపో, బుద్ధుందా?" అని కసిరాను. దాని ముఖం చిన్నబోయింది.

చిన్నప్పుడు ఒకసారి జ్వరంలో ఉండి, థర్మామీటరు విదిలించబోయి మంచంకోడుకి కొట్టాను. పాదరసం గచ్చంతా పూసల్లా చెదిరింది. అమ్మ వేళ్లతో ఏరబోతే ఒక్కో పూస నాలుగై పారిపోయేది. "ఇదేటిరా, సిక్కి సావదు!" అని విసుక్కుంటూనే ఏరింది. తీరా చూస్తే పాదరసం అంటి ఆమె బంగారు ఉంగరం తెల్లగా పాలిపోయింది. అమ్మ నెత్తి కొట్టుకుంది. థర్మామీటరు గొట్టంలో ఉండేదే జ్వరమని నా నమ్మకం. అది ఉంగరానికి అంటుకుందని ఏడుస్తూ, నా నుదుటి మీది తడిగుడ్డ దానికి వేయమన్నాను.

"ఉంగరానికి జ్వరమేటిరా, ఎర్రి నాయనా! నానే సస్తంటే నీ గోలొకటి!"

తిడుతూనే ఉంగరం తీసి గిన్నెలో పెట్టి, తడిగుడ్డ కప్పింది. నేను నిద్రపోయేదాకా ఆ గుడ్డ మారుస్తూనే ఉంది. తర్వాత రాజాంలో కంసాలి కాల్చి ఇస్తే ఉంగరం మళ్లీ పచ్చబడింది.

అమ్మ విసుగొక్కటే నాకు వచ్చినట్టుంది. నా వేలి ఉంగరం తీసి అలమరలో పెట్టి, అమ్మాయి దగ్గరికెళ్లి చెయ్యి చాపాను.

"ఇటియ్యమ్మా, నా సేతిలో కరుగుతాదేటో సూద్దాం."

అది ఇంకో ముక్క నా అరచేతిలో పెట్టింది. "నీ సెయ్యి సల్లగున్నాది నాన్నా. కాసేపు ఓపిక పట్టాల."