చంద్రభాగమ్మ వెంబడించిన పిల్ల

సోలాపూర్ భవాని పేట్‌లో చంద్రభాగమ్మ చుట్టిన నూలు కండెలకు మంచి పేరుండేది. నేసేవాళ్ళు ఏరి మరీ పట్టుకుపోయేవారు. భర్త పోయాక పద్దెనిమిదేళ్ళు రాట్నం దగ్గరే కూర్చుని కొడుకు అంబాదాస్‌ను పెంచింది. ఆ రెక్కల కష్టంతోనే మెడలోకి బంగారు గుండ్ల పేరు చేయించుకుంది.

అది పోయింది 1991 శ్రావణంలో, పట్టపగలు. కూరగాయలు కొనుక్కుని వస్తుంటే ఖాకీ ప్యాంట్లు వేసుకున్న ఇద్దరు స్కూటర్ ఆపారు. పోలీసులమని కార్డు చూపించి, "ఆజీ, ముందర గల్లీలో ఖూన్ అయింది. నగలతో పోవద్దని సాహెబ్ హుకుం" అని మరాఠీలో, సొంత అవ్వతో మాట్లాడినంత మర్యాదగా చెప్పారు. ఆమె తీసిచ్చిన గుండ్ల పేరును వాళ్ళే కాగితంలో పొట్లం కట్టి సంచిలో వేశారు. ఇంటికొచ్చి విప్పితే కంకర రాళ్ళు.

ఆమె కంకరను మోరీలో పారబోసింది. కొడుకుతో మాత్రం తాడు తెగి బజారులో ఎక్కడో పడిపోయిందని చెప్పింది. పాపం, అంబాదాస్ కార్ఖానాకు నాగా పెట్టి మూడు రోజులు బజారంతా వెతికాడు. అతను దుమ్ము కొట్టుకుని ఇంటికి వస్తుంటే ఆమె తలెత్తలేకపోయేది.

ఆనాటినుంచి ఎవరొచ్చినా తలుపు గొళ్ళెం తీయకుండానే మాట్లాడేది. దసరా వెళ్ళాక ఒక మంగళవారం, భుజానికి సంచీతో ఒక పిల్ల వచ్చి నిలబడింది.

"నా పేరు సుమిత్ర, ఆజీ. కాలేజీల సమాజసేవ చదువుతున్న. మోసపోయిన పెద్దోళ్ళకు ఆసరగ ఉండమని మా మేడం పంపింది. పగలు ఇంట్ల మీరొక్కరే ఉంటరా? ఏమన్న వస్తువులు పోయినయా?"

చంద్రభాగమ్మ గొళ్ళెం గట్టిగా పట్టుకుంది. మెడలోది ఆ దొంగలు పట్టుకుపోయారు, పెట్టెలో ఏముందో చూసి రమ్మని ఈ పిల్లను పంపారు! సుమిత్ర కాలేజీ కార్డు చూపించింది. కార్డు వాళ్ళూ చూపించారు.

"మా ఇంట్ల ఏం పోలే. నువ్వు పో."

పై మంగళవారం మళ్ళీ వచ్చింది. ఆ పై మంగళవారం కూడా. మూడోసారి పంపేశాక చంద్రభాగమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, ఇంటికి తాళం వేసి, వెనకాలే బయలుదేరింది. ఆ పిల్ల జోడ్‌భావి పేట్‌లోకి తిరిగింది. ఒకచోట ఆగి, పుస్తకంలో ఏదో చూసుకుని, అటూ ఇటూ ఇళ్ళ మీది నంబర్లు చదివింది. దొంగచూపులు కాక మరేమిటి అనుకుంది చంద్రభాగమ్మ. చివరికి ఒక గడప ముందు ముసలాయన పీట వేసి కూర్చోబెట్టాడు. కాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన లోపలికెళ్ళి పాత కాగితం పొట్లం తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. ఆమె సంచి తెరిచింది.

ఇక ఆగలేకపోయింది చంద్రభాగమ్మ. ఉరికి వెళ్ళి ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దొంగది! పట్టుకోండ్రి! ముసలోన్ని ముంచుతున్నది!"

గుంజులాటలో పొట్లం జారి పడి విప్పుకుంది. గడప నిండా కంకర రాళ్ళు.

"ఏందమ్మా నీ లొల్లి?" అన్నాడు ముసలాయన. ఆయన పేరు పెంటప్ప. "నా ఉంగరం తీస్కొని, ఖూన్ అయిందని చెప్పి, ఇవి కట్టిచ్చిండ్రు. పోలీసోళ్ళకు చూపియ్యాలని దాచిన. ఈ బిడ్డ నన్ను చౌకీకి తోల్కపోతనంటున్నది."

చంద్రభాగమ్మ చెయ్యి వదిలేసింది. ఆ రాళ్ళ పక్కనే కూలబడింది. సోలాపూర్ మొత్తంలో తానొక్కతే అంత తెలివితక్కువదని మూడు నెలలుగా అనుకుంటూ ఉంది.

"నాకు గూడ... ఇవే ఇచ్చిండ్రు" అంది.

సుమిత్ర తన మణికట్టు మీద కందిన చోటు రుద్దుకుంటూ, "మరి మీరు గూడ చౌకీకి వస్తరా, ఆజీ?" అని మాత్రమే అడిగింది.

వస్తానంది. కానీ ముందుగా కాలేజీకి నడిచి వెళ్ళి, సుమిత్ర అనే పిల్ల నిజంగా ఉందా అని మేడంని అడిగి వచ్చింది. ఆ తర్వాతే కొడుకుకు నిజం చెప్పింది.

"మూడు దినాలు నన్ను ఉత్తగనే తిప్పినవా అమ్మా?" అన్నాడు అంబాదాస్. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోనాడు తనే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "పా, చౌకీకి" అన్నాడు.

ఇన్నాళ్ళు ఏం చేశారని చౌకీలో పోలీసులు చాలాసేపు కూర్చోబెట్టారు. సుమిత్ర బల్ల మీదనుంచి లేవలేదు. సాయంత్రానికి పెంటప్పతో కలిపి ఇద్దరి ఫిర్యాదులూ రాయించి గానీ కదలలేదు.

సంక్రాంతి ముందర ఆ ఇద్దరు దొంగలూ వేరే ఊళ్ళో దొరికారు. చంద్రభాగమ్మ వెళ్ళి గుర్తుపట్టింది. పెంటప్ప ఉంగరం దొరికింది. గుండ్ల పేరు అప్పటికే కరిగించారట. ఆయన వేలికి ఉంగరం చూసిన రోజు ఆమెకు కడుపు మండింది, అన్నం సయించలేదు.

మార్చిలో చదువు ముగుస్తుందనగా సుమిత్ర వచ్చి, పక్క గల్లీలో యమునాబాయి అనే ఆమె ఎంతకీ తలుపు తీయడం లేదని చెప్పింది. చంద్రభాగమ్మ రాట్నం ఆపి లేచింది.

ఆ ఇంటి తలుపు కొడితే లోపలినుంచి గట్టిగా వినపడింది. "ఎవ్వలు? మా ఇంట్ల ఏం పోలే!"

"నేను కండెలు చుట్టే చంద్రభాగను" అంది ఆమె, గల్లీలో అందరికీ వినపడేలా. "నా గుండ్ల పేరు నా చేతులతోనే తీసి దొంగలకిచ్చిన. ఎట్ల ఇచ్చిన్నో చెప్త, ఇను."